అవతలివైపు కండువా

“నాన్న జట్టు మార్చేశాడు తాతయ్యా!” అని అరిచింది మనవరాలు, టీవీ వైపు వేలు చూపిస్తూ.

“జుట్టు మార్చేశాడా?” పెద్దాయన పడక్కుర్చీలోంచి ముందుకి వంగాడు. “వాడికి మార్చడానికి జుట్టెక్కడుందే? సగం పెళ్ళికి ముందే రాలింది. మిగతా సగం ఈ ఫుట్‌బాల్ పీకేసింది. విగ్గు పెట్టించుకున్నాడా? ఈ వయసులో, ఎవరికోసం?”

మొదటి మాటలు వంటింటి తలుపు దాటలేదు గానీ ‘విగ్గు పెట్టించుకున్నాడా? ఈ వయసులో, ఎవరికోసం?’ మాత్రం దాటాయి. లోపల గరిటె చప్పుడు ఆగింది.

కిందటివారం భాగంలో టీవీ తెరమీద బొమ్మ నిలిచిపోయిన చోటే మనమూ నిలిచిపోయాం. కాస్త వెనక్కి తిప్పితే సంగతి ఇదీ. స్టేషన్ రోడ్డులో కళ్ళద్దాల షాపాయన ఉన్నాడు. ఊళ్ళో అందరి చూపూ సరిచేస్తాడు, తన కళ్ళజోడు కాడ విరిగితే మాత్రం దారం చుట్టి గడిపేస్తాడు. ఆయనకి ప్రాణం మన ఊరి ఎర్రజట్టు. ఆ జట్టుకి ప్రాణం పోవడం అలవాటు. గోల్ తక్కువ, గోల ఎక్కువ. గెలిచే మ్యాచ్‌ని చివరి నిమిషంలో పువ్వుల్లో పెట్టి ఎదుటివాళ్ళకి అప్పగించే మర్యాదస్తులు. ఈ ఏడు మొదటినుంచీ ఓటమే. మధ్యలో ఒకసారి కళ్ళద్దాలాయనకి జ్వరం వచ్చి మైదానానికి వెళ్ళలేదు, ఆ రోజు గెలిచారు. జ్వరం తగ్గి వెళ్ళాడు, ఓడిపోయారు. అంతే, గ్యాలరీలో ఆయన కూచునే వరసవాళ్ళంతా సమావేశమయ్యారు. ఆ వరసలో అందరూ వరసలు కలిపి పిలుచుకునేవాళ్ళే. అయినా దయ చూపలేదు. ‘నీ దృష్టే జట్టుకి దిష్టి’ అని తేల్చేశారు. అప్పట్నుంచీ మన మైదానంలో ఆట జరుగుతున్నంతసేపూ ఆయన షాపు తలుపేసుకుని, కళ్ళు పరీక్ష చేసే చీకటిగదిలో కూచోవాలి. చూడకూడదు, వినకూడదు. (బయటి ఊళ్ళ మ్యాచ్‌లకి ఈ నిషేధం లేదు. అవి ఎవరు చూసినా ఎలాగూ ఓడిపోతారు.)

ఆయన చీకట్లోకి వెళ్ళాడు, జట్టు వెలుగులోకి వచ్చింది. సొంత మైదానంలో ఆడిన ప్రతి మ్యాచూ గెలుస్తూ, పట్టికలో అడుగునుంచి పైకి పాకింది. ఇవాళ్టిది పోతే ఇక మిగిలింది ఒక్కటే, వచ్చే శనివారం పొరుగూరి పసుపుజట్టుతో. గెలిస్తే పెద్ద లీగ్‌లో ఉంటాం. లేకపోతే కిందికి జారతాం, మళ్ళీ ఎప్పుడు ఎక్కుతామో ఎవరికీ తెలీదు. మోకాళ్ళ వల్ల ఏళ్ళతరబడి మైదానం మొహం చూడని పెద్దాయన, ‘ఆ మ్యాచ్‌కి నన్ను తీసుకెళ్ళండి’ అని మొదటిసారి నోరు తెరిచి అడిగాడు. కళ్ళద్దాలాయన మనసులో ఇక ఒకటే కోరిక. చిన్నప్పుడు తనని భుజాన ఎక్కించుకుని ఆట చూపించిన తండ్రి పక్కన, ఈ ఒక్కసారీ తను కూచోవాలి. కానీ వరస ఒప్పుకోవాలి కదా!

ఇంతలో ఇవాళ్టి మ్యాచ్. చీకటిగదిలో ఉండాల్సిన మనిషి టీవీ తెరమీద, పట్టపగలు, ఎదుటి జట్టువాళ్ళ గ్యాలరీలో, మెడలో ఆకుపచ్చ కండువాతో ప్రత్యక్షమయ్యాడు.

అదీ జట్టు సంగతి. ఇక జుట్టు సంగతి చూద్దాం.

“విగ్గేమిటి మావయ్యగారూ?” అంటూ ఆయన భార్య హాల్లోకి వచ్చింది, చేతిలో గరిటెతో. “షాపులో చీకట్లో కూచున్న మనిషికి విగ్గెందుకు? ఎవరు చూస్తారని?”

“విగ్గు కాదమ్మా. కండువా.”

“వండావా అంటే ఏం చెబుతుంది? గరిటె ఇంకా చేతిలోనే ఉందిగా,” అన్నాడు పెద్దాయన. ఆయన చెవి మిషన్ టీ కప్పు పక్కన బల్లమీద ఉంది. టీవీలో జనం అరుపులకి చెవి హోరెత్తుతుందని ఆట మొదలవగానే తీసి పెట్టేస్తాడు.

“నాన్నని ఇప్పుడే టీవీలో చూశానమ్మా. వాళ్ళ గ్యాలరీలో, వాళ్ళ కండువాతో.”

“మీ నాన్న షాపులో ఉన్నారు. ఫ్లాస్కులో టీ పోసి నేనే పంపాను.”

“ఆ ఫ్లాస్కు కూడా కనిపించింది.”

గరిటె కొసన నిలిచిన బొట్టు నేలమీద పడింది, ఆవిడ చూసుకోలేదు.

ఆట ముగిసిన కాసేపటికి తలుపు కొట్టిన చప్పుడైంది. కొట్టడం కూడా కాదు, గుద్దడం. వచ్చినవాడు ఆవిడ తమ్ముడు. డ్రైవింగ్ నేర్పడం వృత్తి. రోజంతా కొత్తవాళ్ళ పక్కన కూచుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడం వల్ల, ఆవేశం వస్తే కుడికాలు నేలకేసి నొక్కుతాడు. ఊళ్ళో అందరూ బ్రేకుల మావయ్య అంటారు. వెనక బేకరీ ఆయన. జట్టు కోసం మెడలో డోలు వేసుకుని వాయించే మనిషి కనుక ఆయన పేరు డోలు. డోలు గుమ్మంలో పట్టలేదు. పొట్టకీ డోలుకీ మధ్య ఏది ముందు లోపలికి రావాలో తేలక కాసేపు గుమ్మంలోనే ఉండిపోయాడు.

“బావ ఏడక్కా?” బ్రేకు పడింది.

“షాపులో...” అనబోయి ఆవిడ ఆగింది.

“మైదానంలో ఇంటంత తెరుంది కదా, దానిమీద చూశాం. ఊరంతా చూసింది. బావ కండువా మార్చేశాడు!”

“రాజకీయాల్లో కండువా మారిస్తే పదవైనా వస్తుంది వదినా,” అన్నాడు డోలు, గుమ్మంలోంచే. “ఈయనకేం వచ్చింది? మనవాళ్ళు గోల్ కొడితే కండువాలో మొహం దాచుకుని ఏడుస్తున్నాడు! నేనిక్కడ చేతులు పడిపోయేలా వాయిస్తున్నాను, ఆయనక్కడ వాళ్ళతో కలిసి భోరుమంటున్నాడు.”

“ఏడ్చాడా?” అన్నాడు పెద్దాయన, ఆ ఒక్కటీ సరిగ్గా వినపడి. “ఏడవడా మరి! విగ్గు బావుండి ఉండదు.”

ఎవరూ నవ్వలేదు. అంత బరువుగా ఉంది గది. ఆ బరువులోకి, చేతిలో ఫ్లాస్కుతో, మొహంలో వారాలుగా సాధన చేసిన అమాయకత్వంతో కళ్ళద్దాలాయన అడుగు పెట్టాడు. డోలుని కాస్త పక్కకి జరిపి లోపలికొచ్చి, బూట్లు విడిచి, ప్రతివారం అడిగే మాటే అడిగాడు.

“ఇవాళ బేరం లేదు. అవునూ, మ్యాచ్ ఏమైంది? ఎవరు గెలిచారు?”

కూతురు టీవీలో ఆ ముక్క వెనక్కి తిప్పి వేసింది. ఎర్రజట్టు గోల్. ఎగిరే జనం. తర్వాత అవతలి గ్యాలరీ. ఓడిపోతున్నవాళ్ళ మొహాలంటే కెమెరాకి మహా ఇష్టం. వాళ్ళందరిలోకీ ఎవరు ఎక్కువ కుమిలిపోతున్నారా అని వెతికి వెతికి, ఒక బట్టతల మీద నిలిచింది.

“ఎవరో పాపం, నాలాగే ఉన్నాడు,” అన్నాడాయన.

“కళ్ళజోడు కాడకి దారం కూడా నీలాగే కట్టుకున్నాడు నాన్నా.”

కళ్ళద్దాలాయన చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్ళింది. దారం తగిలింది. చెయ్యి కిందికి జారింది. ఫ్లాస్కు బల్లమీద పెట్టి, సంచీ అడుగునుంచి ఆకుపచ్చ కండువా తీసి దాని పక్కన పెట్టాడు. ఇంకోటి, నీలంది తీశాడు. తర్వాత తెల్లచారలది.

“బట్టల కొట్టు పెట్టావా బావా?” అన్నాడు తమ్ముడు. కాలు నొక్కే ఉంది.

“ఎవరితో మ్యాచ్ అయితే వాళ్ళది. మైదానం బయట అమ్ముతారు. మెడలో అది లేకపోతే ఆ గ్యాలరీలో కూచోనివ్వరు, కూచున్నా బతకనివ్వరు.” ఆయన స్టూలు లాక్కుని కూచున్నాడు. “మొదటివారం నిజంగానే చీకటిగదిలో కూచున్నానురా. గదిలో నేనూ, గోడమీద అక్షరాల బోర్డూ. మైదానంలో మీరు అరిస్తే స్టేషన్ రోడ్డు దాకా వినపడుతుంది. ఆ అరుపు గోల్ కొట్టినందుకో, గోల్ తప్పినందుకో తెలీదు. రెండింటికీ మనవాళ్ళు ఒకలాగే అరుస్తారు. చెవులు మూసుకున్నాను. మూసుకుంటే గుండె చప్పుడు ఎక్కువైంది. ఇక ఉండలేకపోయాను. మన వైపు వస్తే మీరు పట్టేస్తారు. మనవాళ్ళు ఒక్కళ్ళు కూడా కాలు పెట్టని చోటు ఊళ్ళో ఒక్కటే ఉంది. వాళ్ళ గ్యాలరీ.”

“అక్కడ కూచుని ఏడ్చావా?”

“నవ్వానురా బాబూ! మనవాడు గోల్ కొడితే లేచి ఎగరాలనిపిస్తుంది. ఎగిరితే తంతారు. అందుకని వంగి బూటు లేసు కట్టుకునేవాణ్ణి. రెండు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, కండువా నోట్లో కుక్కుకుని నవ్వుకునేవాణ్ణి. పైకి చూసేవాళ్ళకి కుమిలిపోతున్నట్టు ఉండేది. పక్కాయన ఒకడు వీపు కూడా నిమిరాడు. ఈ ఏడు మన గోల్స్ అయ్యాక జరిగిన సంబరాలన్నీ నేను బూట్ల మధ్యలోంచే చూశాను. లేసులు అరిగిపోయాయి.”

డోలు ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. పొట్ట కదిలి డోలు తనంతట తనే రెండుసార్లు మోగింది. బ్రేకుల మావయ్య వెనక్కి తిరిగి చూసేసరికి మూగబోయింది.

కళ్ళద్దాలాయన మాత్రం నవ్వలేదు. “ఒక సంగతి చెబుతాను, కోప్పడకండి. అవతలివైపునుంచి చూస్తే మన వరస కనిపిస్తుంది. నా సీటులో మీరు చలికోట్లు కుప్పేసుకుంటారు. పెనాల్టీ వస్తే నువ్వు కళ్ళు మూసుకుంటావు. ఇతను డోలుతో సహా మైదానానికి వీపు తిప్పి నిలబడతాడు. ఆ చివరాయన మెట్లు దిగి వెళ్ళిపోతాడు. వరస మొత్తంలో ఒక్కళ్ళు కూడా బంతివైపు చూడరు. దిష్టి తగులుతుందని నన్ను గెంటేశారు గానీ, అసలు చూసేవాడు మీలో ఎవడున్నాడ్రా?”

బ్రేకుల మావయ్య డోలువైపు చూశాడు, డోలు నేలవైపు చూశాడు.

“వాళ్ళూ అంతే. నా పక్కాయన వీపు నిమిరాక చెప్పాడు, తన బామ్మర్ది మైదానానికి వస్తే వాళ్ళ జట్టు ఓడిపోతుందట. అందుకని ఇంట్లో పెట్టి తాళం వేసి వచ్చాడట. షాపులో నేను ఒక అద్దం తీసి ఇంకోటి పెట్టి, ఇది స్పష్టంగా ఉందా, ఇందాకటిదా అని అడుగుతాను చూడు, అలా అయింది నా పని, ఏ వైపునుంచి చూసినా ఒకేలా ఉన్నాం. ఆడేది ఇరవై రెండు మంది. మన చేతుల్లో ఏమీ లేదు, కాళ్ళల్లో అంతకన్నా లేదు. ఏమీ చేయలేమన్నది ఒప్పుకోలేక కుర్చీలు అటూ ఇటూ మార్చుకుంటున్నాం. మనుషుల్ని గదుల్లో పెట్టుకుంటున్నాం.”

“మనుషుల్ని అంటున్నారు. ఎంతమందిని?” అంది భార్య.

ఆవిడ అంతసేపూ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడే ఉంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావుండేదని తమ్ముడికి అనిపించింది. అక్క నెమ్మదిగా మాట్లాడిందంటే అది దూరం వెళ్తుంది.

“మీరు చీకట్లో ఒక్కరే కూచుంటారు కదా అని, ఆట మొదలవగానే నేను వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకునేదాన్ని. శబ్దం వినపడకుండా గాలిపంకా వేసుకునేదాన్ని. వండడానికి ఏమీ లేకపోతే డబ్బాలు దింపి తుడిచేదాన్ని. మీరు చూడంది నేనెందుకు చూడాలని. ఇన్ని గెలుపుల్లో నేను ఒక్క గోల్ చూడలేదు. మర్నాడు పేపర్లో చదువుకున్నాను.”

“నీకు ఆటంటే అంత ఇష్టమా?” అన్నాడు కళ్ళద్దాలాయన. అడిగాక, అడగకూడని మాట అడిగానని తెలిసింది.

“ఈ స్టూలు మీద కూచుని ఇన్నేళ్ళు మీతో చూసింది ఏమనుకున్నారు, సీరియలా? మన కీపర్ ఎడమవైపు ఆలస్యంగా దూకుతాడని మీకు మొదట చెప్పిందెవరు?”

“నువ్వే.”

“నన్ను కూడా తీసుకెళ్ళి ఉంటే, ఇంకో కండువా కొనుక్కునేదాన్నిగా. నాకూ లేసులున్నాయి.”

కళ్ళద్దాలాయన తల వంచుకున్నాడు. ఈసారి మోకాళ్ళ మధ్య నవ్వేమీ లేదు. నిందలు ఎన్నో వస్తాయని దారిపొడుగునా సిద్ధపడే వచ్చాడు. జట్టుద్రోహి అంటారనుకున్నాడు, అబద్ధాలకోరు అంటారనుకున్నాడు. ఇది మాత్రం ఆయన లెక్కలో లేదు. “తప్పయింది,” అన్నాడు. ఆవిడ గరిటె బల్లమీద పెట్టింది. వచ్చి స్టూలు పక్కన నిలబడింది. అది క్షమించడమో, ఇంకా దగ్గర్నుంచి తిట్టడానికో ఆయనకి తెలియలేదు.

ఆయన బ్రేకుల మావయ్యవైపు తిరిగాడు. “చూడు బామ్మర్దీ. నేను చూస్తే ఓడిపోతారన్నారు. మొదటివారం పోగా ప్రతి మ్యాచూ చూశాను. ప్రతి మ్యాచూ గెలిచారు. నాలో దిష్టి లేదు. శనివారం కోట్లు తీసేసి నా సీటు నాకిచ్చెయ్యండి. పక్కది నాన్నకి. నేనడిగేది అంతే.”

న్యాయంగా చూస్తే అక్కడితో వ్యవహారం తేలిపోవాలి. బ్రేకుల మావయ్య కాలు పైకి లేచింది. “అవును బావా, చూశావు, గెలిచాం,” అన్నాడు. అక్క మొహంలో కూడా కాస్త వెలుగొచ్చింది.

అప్పుడు గుమ్మంలోంచి డోలు ఒక్క దెబ్బ పడింది.

“ఆగండాగండి.” బేకరీ ఆయన మెడలోంచి డోలు తీసి కిందపెట్టాడు. ఆలోచించాల్సి వచ్చినప్పుడే ఆయన అలా చేస్తాడు, అందుకే చాలా అరుదుగా చేస్తాడు. “అన్నయ్యా, ఇంతకుముందు మన వైపు కూచున్నప్పుడు ఎవరి కండువా వేసుకున్నావు?”

“ఎర్రది.”

“ఓడిందెవరు?”

“మనం.”

“ఆకుపచ్చ కండువా వేసుకున్నావు. ఓడిందెవరు?”

“వాళ్ళు.”

“నీలం?”

“వాళ్ళు.”

“తెల్లచారలు?”

కళ్ళద్దాలాయన తెల్లచారల కండువా వైపు చూశాడు. దీని దారి ఎటో ఆయనకి కనిపించింది. చూపు మంచిది కదా.

“నీలో దిష్టి లేకపోవడం కాదు అన్నయ్యా. దిష్టి పదిలంగా ఉంది. దిశ మారింది!” డోలు గుమ్మం దాటి లోపలికొచ్చేశాడు, డోలు లేకపోవడంతో ఇప్పుడు పట్టాడు. “నువ్వు ఎవరి పక్కన కూచుంటే వాళ్ళు ఓడిపోతారు. ఇన్నాళ్ళూ నిన్ను గదిలో దాచి తప్పు చేశాం. నువ్వు దాచుకునే వస్తువువి కాదు, ఎదుటివాళ్ళకి కానుకగా పంపే వస్తువువి. శనివారం పసుపు కండువా నా ఖర్చుతో కొనిస్తాను. వాళ్ళ గ్యాలరీలో, నట్టనడుమ!”

బ్రేకు మళ్ళీ పడింది. ఈసారి గట్టిగా. “అక్కా, ఇతను చెప్పింది...”

“నోర్ముయ్యి,” అంది అక్క. “ఆయన్ని వాళ్ళ నాన్న పక్కన కూచోనివ్వరా మీరు?”

“ఒక్క మ్యాచ్ అక్కా. ఈ ఒక్కటీ గెలిస్తే వచ్చే ఏడంతా తండ్రీకొడుకులు పక్కపక్కనే కూచోవచ్చు. బేకరీ ఆయన బిస్కెట్లు కూడా ఇస్తాడు. గెలవకపోతే, కింది లీగ్‌లో ఎవరి పక్కన కూచుంటే మాత్రం ఏముంది?”

“వచ్చే ఏడు,” అన్నాడు కళ్ళద్దాలాయన మెల్లగా.

అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, ఎవరు మాట్లాడితే వాళ్ళ పెదాలవైపు చూస్తూ కూచున్నాడు. పైమెట్ల దాకా ఎక్కడానికి ఈ ఏడు ఇద్దరు పట్టుకోవాలి. వచ్చే ఏడు అన్న మాట ఆ గదిలో ఎవరైనా అనవచ్చు, ఆయన తప్ప.

కళ్ళద్దాలాయన బల్లమీద కండువాలు ఒక్కొక్కటే మడతపెట్టాడు. తను ఇప్పుడే చెప్పాడు, కుర్చీలు మారిస్తే ఏమీ జరగదని. నమ్మే చెప్పాడు. అయినా లోపల ఎక్కడో ఒక మూల, ఒకవేళ తను ఎర్ర గ్యాలరీలో కూచుని, ఒకవేళ చివరి నిమిషంలో... అని ఒక భయం మొలిచింది. ఓడిపోయే జట్టుని చూస్తూ పెరిగినవాడికి తెలివి ఒక పక్క, ఆశ ఒక పక్క ఉంటాయి. ఆశ పక్కనే ఈ భయం కూచుంటుంది, టికెట్ లేకుండా.

“నాన్నని అడుగుదాం,” అన్నాడు. “ఆయన పక్కన కూచో అంటే కూచుంటాను, మీరు వరసంతా లేచి వెళ్ళిపోయినా సరే. వద్దంటే అవతలికి వెళ్తాను. తల్లీ, తాతయ్యకి ఆ మిషన్ పెట్టు.”

కూతురు చెవి మిషన్ తీసి తాతయ్య చెవిలో అమర్చింది. అది కీచుమని, సర్దుకుంది. ఆయన ఎదురుగా నేలమీద కూచుని మొదటినుంచీ చెప్పింది.

“తాతయ్యా, నేనన్నది జుట్టు కాదు, జట్టు. నాన్న విగ్గు పెట్టుకోలేదు. ఆటకి వెళ్ళి అవతలివాళ్ళ గ్యాలరీలో కూచున్నాడు. అమ్మని ఎవరూ వండావా అని అడగలేదు. అది కండువా. నాన్న ఏడవలేదు, వంగి నవ్వుకున్నాడు. ఆయన వాళ్ళ వైపు వెళ్ళిపోలేదు, మనవాళ్ళని చూడకుండా ఉండలేక వెళ్ళాడు. ఇప్పుడు వీళ్ళంతా, శనివారం కూడా నాన్న అవతలే కూచుంటే మనం గెలుస్తామంటున్నారు. అలాగైతే నువ్వు మన వైపు, నాన్న ఆ వైపు. నీ పక్కన మావయ్య కూచుంటాడు. నువ్వేమంటావు?”

గది మొత్తానికి ఆ పిల్ల మాటల్తో ముడి విడిపోయింది. డోలు కూడా తల ఊపాడు, జుట్టు సంగతి అతనికి ఇప్పుడే అర్థమైంది. పెద్దాయన మాత్రం తల ఊపలేదు. బల్లమీది కండువాల వైపు చూశాడు. ఆకుపచ్చ, నీలం, తెల్లచారలు.

“శనివారం అవతలివైపు కూచునేది పసుపువాళ్ళు కదూ?”

“అవును తాతయ్యా.”

“అయితే నన్నూ అటే కూచోబెట్టండి.”

“వద్దు నాన్నా,” అన్నాడు కళ్ళద్దాలాయన. “నాకోసం నువ్వు ఆ కండువా వేసుకుని నటించక్కర్లేదు. అది చాలా కష్టం.”

“కష్టమని నాకు నువ్వు చెప్పాలా?” పెద్దాయన కొడుకువైపు తిరిగాడు. “ఇన్నేళ్ళుగా చేసింది అదేగా.”

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనకి మళ్ళీ ఏదో ఇంకోలా వినపడిందనుకుని మనవరాలు చెవి దగ్గరికి వంగింది. ఆయన చేత్తో ఆపాడు.

“బాగానే వినపడింది తల్లీ. నేను పుట్టింది ఆ పసుపుజట్టు ఊళ్ళోనే కదా, మీ అందరికీ తెలిసిందే. లేత్ మిషన్ మీద పని వెతుక్కుంటూ ఈ ఊరొచ్చాను. షెడ్డులో ఫోర్‌మన్ మొదట అడిగింది పని వచ్చా అని కాదు, ఏ జట్టు అని. ఆయన నెత్తిన ఎర్రటోపీ ఉంది. ఎర్రజట్టేనండీ అన్నాను. పనిచ్చాడు. రెండేళ్ళకి కూతుర్నిచ్చాడు. ఇంకేం నోరెత్తను? తర్వాత నువ్వు పుట్టావు. భుజాలమీద కూచుని, నా చెవులు రెండూ పట్టుకుని ఎర్ర ఎర్ర అని అరిచేవాడివి. ఆ గొంతు విన్నాక, నాన్నది ఇంకో రంగురా అని ఎలా చెప్పను?”

బ్రేకుల మావయ్య కాలు దానంతటదే నేలకి అతుక్కుంది. డోలు ఒక చెయ్యి గోడమీద వేసుకున్నాడు.

“నాన్నా...” అన్నాడు కళ్ళద్దాలాయన. ఏడేళ్ళవాడిగా ఒకసారి, కాలేజీ రోజుల్లో ఒకసారి, పెళ్ళయ్యాక ఒకసారి, పసుపుజట్టు వచ్చిన ప్రతిసారీ, ‘మోకాళ్ళు నొప్పిరా, నువ్వెళ్ళు’ అని తండ్రి ఇంట్లో ఉండిపోయిన రోజులన్నీ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి. ఊళ్ళో అందరి చూపూ పరీక్ష చేసినవాడు, ఇంట్లో కుర్చీలో కూచున్న మనిషిని మాత్రం అద్దాలు పెట్టుకుని కూడా చూడలేదు. “మరి మోకాళ్ళు?”

“ఇప్పుడు నిజంగానే నొప్పి. అప్పుడు కాదు.”

ఇందాకటినుంచీ ఇంట్లో జట్టు మార్చినవాడెవరా అని వెతికారు. ఆయన అందరి మధ్యనే, పడక్కుర్చీలో టీ తాగుతూ కూచున్నాడు.

“ఇప్పుడు నేనడిగేది విను,” అన్నాడు పెద్దాయన. చెయ్యి చాచి కొడుకు మణికట్టు పట్టుకున్నాడు. “నా ఊరి జట్టు ఆట నేను ఒక్కసారైనా నా వాళ్ళ మధ్య కూచుని చూడలేదు. శనివారం చూస్తాను. నువ్వు నా పక్కన కూచో. వీళ్ళ దిష్టి లెక్క నాకు తెలీదు, నీ పక్కన కూచున్నందుకు నా జట్టు ఓడిపోతుందంటే ఓడిపోనీ. కానీ పసుపువాళ్ళు గోల్ కొట్టారనుకో, నేను వంగి లేసులు కట్టుకోను. ఈ మోకాళ్ళతో వంగలేను కూడా. లేచి నిలబడతాను. నిలబడాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి.”

కొడుకు మణికట్టు వదలకుండానే అడిగాడు.

“పట్టుకుంటావా?”